మల్లాపూర్ రోడ్డు మీద మూడు కాలాలు

హబ్సిగూడ చౌరస్తా దాటి నాచారం వైపు మళ్లిన సిటీ బస్సులో కూర్చుని స్టాపుల పేర్లు వింటూ పోతే చాలు, గడిచిన అరవై ఏళ్లలో ఈ దేశం ఏమేం కావాలని ఆశపడిందో తెలిసిపోతుంది. హెచ్‌ఎంటీ నగర్, ఐడీఏ, ఎన్‌ఎఫ్‌సీ, చివరికి ఈసీఐఎల్. ఇన్ని పొడి అక్షరాల మధ్య ఊరి పేరుతో మిగిలినవి రెండో మూడో: నాచారం, మల్లాపూర్, కుషాయిగూడ. వెనక్కి తిరిగి చూస్తే తార్నాక నుంచి ఉప్పల్ రోడ్డు పొడుగునా ప్రయోగశాలలు: జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. పట్టుమని పన్నెండు కిలోమీటర్లు లేని దారిలో ఇంత ఆధునికత కుప్పపోసిన చోటు తెలుగునాట మరొకటి దొరకడం కష్టం.

మల్లాపూర్ ఈ దారికి నట్టనడుమ ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి ఇక్కడి రోడ్డు పక్కన నిలబడితే టిఫిన్ డబ్బా సంచి పట్టుకుని ఫ్యాక్టరీ గేట్ల వైపు నడిచేవాళ్లు, మెడలో ట్యాగు వేసుకుని కంపెనీ బస్సు కోసం చూసేవాళ్లు, కిక్కిరిసిన స్కూలు ఆటోలో పిల్లను సర్ది కూర్చోబెట్టి పనికి పరిగెత్తేవాళ్లు కనిపిస్తారు. అందరూ ఆధునిక ఆర్థిక వ్యవస్థ మనుషులే. అది ఒక్కొక్కరికి ఇచ్చింది మాత్రం ఒక్కోలా ఉంది. ఒకరికి సొంతిల్లు, పింఛను, అమెరికాలో కొడుకు. ఒకరికి పన్నెండు గంటల షిఫ్టు, కాంట్రాక్టరు దగ్గర మిగిలిపోయిన బకాయి. ఒకరికి, తాతల నాటి అరెకరం ఇవాళ కోట్లు పలకడం.

దేశ ఆర్థిక వ్యవస్థ ఆధునికమైతే మనిషి బతుకు దానంతటదే బాగుపడుతుందా? దిల్లీలో ఈ ప్రశ్నకు గ్రాఫులు గీస్తారు. మల్లాపూర్‌లో దానికి మూడు కాలాల నాటి మూడు జవాబులు పక్కపక్కనే ఇళ్లు కట్టుకుని ఉన్నాయి.

మొదటి జవాబు 1967 నాటిది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఏర్పడింది. దానికి ప్రాణం పోసిన అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, బెనారస్‌లో భౌతికశాస్త్రం, స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివి, ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపినవారు. బయటి దేశం నుంచి పరిజ్ఞానాన్ని కొనితెచ్చి బిగించడం ఆయనకు గిట్టదు. మనవాళ్లే చెయ్యాలి, చేస్తూ నేర్చుకోవాలి అన్న పట్టు ఆయనది. 1969లో ఇక్కడి నుంచి టీడీసీ-12 కంప్యూటర్ బయటికి వచ్చింది. ఆ తర్వాత ఈసీ టీవీ వచ్చింది. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక ఆ టీవీ ఉన్న ఇంటికి ఆదివారం సాయంత్రం సినిమా వేళకు వాడకట్టంతా చేరేది. 1971లో పక్కనే అణు ఇంధన సముదాయం, అంటే ఎన్‌ఎఫ్‌సీ వచ్చింది. దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధన కట్టలు అందులో తయారవుతాయి.

కంప్యూటర్ ఘనత సరే. ఈ వ్యాసానికి అంతకన్నా ముఖ్యమైనది ఆ ఉద్యోగంతో పాటు వచ్చిన మూట. గేటులోపల అడుగుపెట్టిన కుర్రాడికి జీతం ఒక్కటే దొరకలేదు. ఐటీఐ చదివి అప్రెంటిస్‌గా చేరితే పని నేర్పే ఫోర్‌మన్ ఉన్నాడు. క్వార్టరు ఉంది. పిల్లలకు అటామిక్ ఎనర్జీ సెంట్రల్ స్కూలు ఉంది. డిస్పెన్సరీ, క్యాంటీన్, ప్రావిడెంట్ ఫండు ఉన్నాయి. అన్నిటికన్నా మించి, వచ్చే నెల కూడా ఈ పని ఉంటుందన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం మీద జనం అప్పులు తీసుకుని ఇళ్లు కట్టుకున్నారు, ఆడపిల్లలను డిగ్రీల దాకా చదివించారు. ఉద్యోగుల గృహ సహకార సంఘం కాలనీగా మొదలైన డాక్టర్ ఏఎస్ రావు నగర్ ఇవాళ తూర్పు హైదరాబాద్‌లో ఖరీదైన బజారు. ఒక శాస్త్రవేత్త పేరుతో బట్టల దుకాణాల వీధి ఉండటం చూసి ఆయన నవ్వుకునేవారో ఏమో. హెల్పరుగా చేరిన తండ్రికి ఇంజనీరు కూతురు, ఆ కూతురికి డాక్టరు కొడుకు అన్న వరస ఈ కాలనీల్లో చెప్పుకోదగ్గ వింతేమీ కాదు. మూడు తరాల్లో ఒక కుటుంబం నిచ్చెన ఎక్కడమంటే అదే.

అలాగని అది స్వర్ణయుగమని పొగడటం కూడా అన్యాయమే. ఆ గేటు దాటి లోపలికి పోగలిగింది కొన్ని వేల మంది. ఆ ఫ్యాక్టరీలు లేచిన నేలను అంతకుముందు దున్నుకున్న కుటుంబాల్లో ఎందరు ఆ వేలల్లో ఉన్నారని అడిగితే కుషాయిగూడ, చర్లపల్లి పెద్దమనుషులు ఇప్పటికీ ఒక నిమిషం మాట్లాడరు. పైగా విదేశీ పోటీకి, రంగు రంగుల ప్రైవేటు టీవీలకు తలుపులు తెరిచాక ఈసీ టీవీ నిలవలేకపోయింది. సొంతంగా చెయ్యడం తెలిసిన సంస్థకు సొంతంగా అమ్ముకోవడం తెలియలేదు. రక్షణ, అణుశక్తి, ఎన్నికల సంఘం వంటి సర్కారీ కొనుగోలుదారులు ఉన్నారు కాబట్టి సంస్థ నిలిచింది. ఇవాళ సామాన్యుడికి ఈసీఐఎల్ అంటే బస్టాపు, లేకపోతే ఓటింగ్ యంత్రం.

అలాంటి కొనుగోలుదారులు లేనివాటి సంగతి పక్కనున్న మౌలాలీ చెబుతుంది. ఇండో-నిప్పాన్ ప్రెసిషన్ బేరింగ్స్ పేరుతో మొదలైన కర్మాగారాన్ని 1981లో హెచ్‌ఎంటీ తన గొడుగు కిందికి తెచ్చుకుంది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీతో పాటు ఈ బేరింగుల కంపెనీని కూడా మూసేయాలని తీర్మానించింది. మిగిలిన ఉద్యోగులకు 2007 పే స్కేళ్ల లెక్కన స్వచ్ఛంద విరమణ డబ్బులిచ్చి పంపారు. ఫ్యాక్టరీ పోయింది. నాచారంలో హెచ్‌ఎంటీ నగర్ అలాగే ఉంది. మూతపడ్డ కంపెనీ పేరు మీద కాలనీ బతికి ఉందంటే, కారణం ఆ మూట మహిమే. యంత్రం పాతబడింది, బేరింగుకు గిరాకీ తగ్గింది. అయినా ఆ జీతంతో కట్టిన ఇల్లు, చదివించిన చదువు ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు.

పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, మిత్రుడు అమర్త్యసేన్ సాయంతో 1990లో ఐక్యరాజ్యసమితి తరఫున తొలి మానవాభివృద్ధి నివేదిక తెచ్చినప్పుడు చెప్పింది దాదాపు ఇదే. స్థూల ఉత్పత్తి ఎంత పెరిగిందన్నది సగం కథ. మనిషి ఎన్నేళ్లు బతికాడు, ఎంత చదివాడు, చేతిలో ఎంత ఉంది అన్నది మిగతా సగం. ఆ కొలత ప్రకారం 1990 నుంచి ఇప్పటికి భారత్ సూచీ సగానికి పైగా పెరిగింది. 2025 మే నెలలో వచ్చిన నివేదికలో 193 దేశాల్లో మనది 130వ స్థానం, సూచీ విలువ 0.685. ఆయుర్దాయం 72 ఏళ్లకు చేరింది. ఇది చిన్న విషయం కాదు. కాని అదే నివేదిక అసమానతలను లెక్కలోకి తీసుకుంటే ఈ సూచీలో 30.7 శాతం కోత పడుతుందని చెప్పింది. పెద్దవాళ్లు బడిలో గడిపిన కాలం సగటున ఇంకా ఏడేళ్లకు కూడా చేరలేదు. ఏడో తరగతి సగటుతో ఐదో అతి పెద్ద ఆర్థిక వ్యవస్థ, నాలుగో అతి పెద్ద ఆర్థిక వ్యవస్థ అని వరసలు లెక్కపెట్టుకోవడం మనకే చెల్లింది.

తెలంగాణ లెక్క మరీ విడ్డూరం. 2024-25 అంచనాల్లో రాష్ట్ర తలసరి ఆదాయం ₹3,79,751. దేశ సగటుకు అది దాదాపు రెట్టింపు. పెద్ద రాష్ట్రాల్లో ముందు వరస. ఇప్పుడు అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెరవండి. రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివారు 33.1 శాతం. అంతకుముందు సర్వేలో అది 28 శాతం చుట్టూ ఉండేది. పిల్లల్లో రక్తహీనత 60.7 నుంచి 70 శాతానికి ఎగబాకింది. 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం చాలదు. అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు 60.7 శాతం, దేశంలోనే అందరికన్నా ఎక్కువ. ఆపరేషన్ థియేటర్ ఆధునికమైంది. ఆ థియేటర్‌లోకి వెళ్లే తల్లి ఒంట్లో ఇనుము లేదు.

ఈ సంగతి ఎవరికీ తెలియదని కూడా అనలేం. 1918లో నీలగిరి కొండల్లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద విచారణగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ పేరు పెట్టుకున్న సంస్థ తార్నాకలోనే ఉంది. ఏ తిండిలో ఏమేముందో దేశానికి పట్టికలు వేసి ఇచ్చిందదే. మల్లాపూర్ నుంచి ఆటో ఎక్కితే అరగంట. పొద్దున టీ, రెండు బిస్కెట్లతో షిఫ్టుకు వెళ్లే ప్యాకింగ్ సెక్షన్ అమ్మాయికీ ఆ పట్టికలకూ మధ్య దూరం మాత్రం ఆటోతో తీరేది కాదు.

విజ్ఞానం మనిషి ఒంటి దాకా చేరిన సందర్భం కూడా ఇదే రోడ్డు మీద ఉంది. దాన్ని చెప్పకపోతే చిత్రం సగమే. 1990ల మొదట్లో ఎయిడ్స్‌కు వాడే ఏజడ్‌టీ మందు ధర సామాన్యుడు తాకలేనంత ఉండేది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ దాన్ని చవకగా తయారుచేసే పద్ధతి కనిపెట్టి సిప్లా కంపెనీకి ఇచ్చింది. అప్పటి సంచాలకుడు ఏవీ రామారావు. మందు అణువు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే పేటెంటు ఇచ్చిన 1970 నాటి చట్టం అందుకు దారి వేసింది. 2001లో అదే సిప్లా మూడు మందుల చికిత్సను సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని ప్రకటించాక ఆఫ్రికాలో లక్షల ప్రాణాల లెక్క మారింది. చట్టం, ప్రభుత్వ ప్రయోగశాల, ప్రైవేటు ఫ్యాక్టరీ మూడూ ఒకే దిక్కుకు లాగితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. హైదరాబాద్ మందుల పరిశ్రమ అంతా ఆ చెట్టు కాయలే. మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడల్లో ఇవాళ కనిపించే పరిశోధన భవనాలు, వాటిలో తెల్లకోట్లు వేసుకుని పనిచేసే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలు ఆ కొమ్మకు చిగుళ్లు.

అయితే ఆ చిగుళ్ల కింద నేల ఎలా ఉంది?

రెండో కాలం అక్కడ మొదలవుతుంది. ఐడీఏ అంటే పారిశ్రామికాభివృద్ధి ప్రాంతం. షెడ్లు, చిన్న యంత్రాల కొట్లు, రసాయనాలు, ప్లాస్టిక్, ప్యాకింగ్, మందుల ముడిసరుకు. పెద్ద సంస్థలకు చిన్న విడిభాగాలు చేసి ఇచ్చే వర్క్‌షాపులు ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీల నీడన పుట్టి ఎదిగాయి. ఇక్కడ మూట విప్పేశారు. పని ఉంది, పర్మినెంటు లేదు. జీతం ఉంది, అది ఇచ్చేది కంపెనీ కాదు, కాంట్రాక్టరు. ఇది మల్లాపూర్ ఒక్కదాని జబ్బు కాదు. 2000 ప్రాంతంలో దేశంలోని నమోదైన ఫ్యాక్టరీ కార్మికుల్లో ఐదుగురిలో ఒకరు కాంట్రాక్టు మనిషి. పరిశ్రమల వార్షిక సర్వే తాజా లెక్కల్లో ఆ వాటా 40 శాతం దాటింది. కాంట్రాక్టు మనిషికి పని నేర్పడం వల్ల కంపెనీకి ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే రేపు అతను వేరే గేటు దగ్గర ఉంటాడు. పదేళ్లు పనిచేసినా హెల్పరు హెల్పరుగానే మిగిలిపోవడానికి అతని బద్ధకం కన్నా ఈ లెక్కే పెద్ద కారణం.

కనీస వేతనాల సంగతీ అంతే. 2021 జూన్‌లో అయిదు రంగాలకు వేతనాలు సవరిస్తూ రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులు వెలువడ్డాయి. గెజిట్‌లో అచ్చు వెయ్యకపోవడంతో అవి కాగితం మీదే ఉండిపోయాయి. కార్మికులు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఉత్తర్వు రాసి, సంతకం పెట్టి, అచ్చుకు పంపకపోవడమన్నది పరిపాలనలో మనవాళ్లు కనిపెట్టిన కొత్త ప్రక్రియ.

నాచారంలో కార్మిక బీమా (ఈఎస్ఐ) ఆస్పత్రి ఉంది. నెలకు ₹21,000 లోపు జీతం ఉన్న కార్మికుడికి, అతని ఇంటివాళ్లకు వైద్యం హక్కుగా దొరికే చోటు. 2017 జనవరి నుంచి ఆ పరిమితి కదల్లేదు. జీతం ఆ గీత దాటిన ఫిట్టరు తర్వాతి చందా కాలం నుంచి ఈ పథకానికి బయటివాడవుతాడు. అంటే కాస్త జీతం పెరిగి పైకి వచ్చినవాడు ప్రైవేటు ఆస్పత్రి బిల్లు దగ్గర మళ్లీ కిందికి జారతాడు. 2019 జులైలో చందాను జీతంలో 6.5 శాతం నుంచి 4 శాతానికి తగ్గించారు. యజమానులకు ఊరట దొరికింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ ఈఎస్ఐ మందుల కొనుగోళ్లలో అక్రమాలపై అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) అరెస్టులు మొదలయ్యాయి. కూలీ జీతంలో పైసాపైసా కోసి జమ చేసిన సొమ్ముతో కొనాల్సిన మందులవి.

ఈ వాడల్లో ప్రమాదమంటే ఏమిటో 2025 జూన్ 30న పాశమైలారం చూపించింది. సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు అందులో ఎందరో. ఆ పొద్దు లోపల ఎంతమంది ఉన్నారో తేల్చడానికే రోజులు పట్టింది. ఫ్యాక్టరీలో టన్నుల లెక్క, కిలోవాట్ల లెక్క నిమిషానికోసారి తెరమీద కనిపించే రోజుల్లో ఇది. పాశమైలారం నగరానికి పడమటి కొసన ఉంది, మల్లాపూర్ తూర్పున. హాజరు పుస్తకం కాంట్రాక్టరు సంచిలో ఉండే పద్ధతి మాత్రం రెండు చోట్లా ఒకటే.

మూడో కాలం మొదలై ఎక్కువ ఏళ్లు కాలేదు. 2017 నవంబరులో నాగోలు-మియాపూర్ మెట్రో పరుగు అందుకుంది. ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్ వంటి కంపెనీల క్యాంపస్‌లు అప్పటికే ఉన్నాయి. 2020 డిసెంబరులో నాటి ప్రభుత్వం ‘గ్రిడ్’ అనే విధానం తెచ్చింది. ఐటీ అంతా మాదాపూర్ వైపే ఒరిగిపోయింది కాబట్టి ఉప్పల్, నాచారం వైపు కూడా పంచుదామని, ఇక్కడి ఫ్యాక్టరీ స్థలాల్లో ఐటీ భవనాలు కట్టుకోవడానికి అనుమతులు ఇచ్చింది. ప్రభుత్వం మారింది, ఆలోచన పెద్దదైంది. 2025 నవంబరులో ఇప్పటి ప్రభుత్వం ‘హిల్ట్’ విధానం ప్రకటించింది. ఔటర్ రింగు రోడ్డు లోపలా ఆ చుట్టూ ఉన్న 22 పారిశ్రామికవాడల్లోని దాదాపు 9,292 ఎకరాలను ఇళ్లు, ఆఫీసులు, దుకాణాలు, ఆస్పత్రులు అన్నీ కట్టుకునే నేలగా మార్చుకోవచ్చు. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం లేదా 50 శాతం రుసుము కడితే చాలు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలీ ఈ జాబితాలో ఉన్నాయి.

కాలుష్యం పోవాలన్న వాదనలో నిజం లేకపోలేదు. ఒకప్పుడు ఊరి చివర అనుకున్న వాడ ఇప్పుడు ఇళ్ల నడుమన ఉంది. కాప్రా, ఉప్పల్ కలాన్ పురపాలికలు 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసిపోయాయి. అర్ధరాత్రి దాటాక కిటికీలోంచి వచ్చే ఘాటు వాసనకు పిల్లలు దగ్గుతూ లేస్తారని మల్లాపూర్ కాలనీల వాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఊపిరి కూడా మానవాభివృద్ధిలో భాగమే. కాలుష్య పరిశ్రమలను ఔటర్ అవతలికి పంపాలని 2013లోనే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అయితే ఔటర్ అవతల ఉన్నది శూన్యం కాదు. అక్కడా ఊళ్లున్నాయి, చెరువులున్నాయి. మల్లాపూర్ పిల్లల దగ్గు తగ్గించి మరో మండలం పిల్లలకు అంటించడాన్ని శుభ్రత అనలేం. శుద్ధి చెయ్యకుండా వదిలితే వ్యర్థానికి చిరునామా మారుతుంది, అంతే.

హిల్ట్ మీద అసెంబ్లీలో, పత్రికల్లో, టీవీల్లో రేగిన రచ్చ చూస్తే ఒకటి తోస్తుంది. కోట్ల విలువైన నేలను కారుచౌకగా కట్టబెడుతున్నారని ప్రతిపక్షం, ఖజానాకు ఆదాయం వస్తుంది, నగరం శుభ్రపడుతుందని సర్కారు. వాదులాట అంతా గజం ధర చుట్టే తిరిగింది. ఎకరాల లెక్క ఒకట్ల స్థానం దాకా అందరికీ కంఠతా వచ్చింది. ఆ 22 వాడల్లో ఎంతమంది పనిచేస్తున్నారు, వాళ్లలో ఎందరు అక్కడికి నడిచి వస్తారు, వాడ కదిలితే వాళ్లెక్కడికి పోతారు అన్నది ఏ పక్షానికీ ప్రధానమైన ప్రశ్న కాలేదు. గమ్మత్తేమిటంటే హిల్ట్ ప్రకటించిన నవంబరులోనే, 21న కేంద్రం నాలుగు కార్మిక స్మృతులను అమల్లోకి తెచ్చింది. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నది అందులో ఒక నిబంధన. పత్రం చేతికి వచ్చే వేళకు ఆ చిరునామాలో ఫ్యాక్టరీ ఉంటుందో, పాతిక అంతస్తుల అపార్టుమెంటు ఉంటుందో.

ఈ మూడో కాలం ఇచ్చే మూటలో ఏముంది? సొంత నేల ఉన్నవాడికి పెట్టె నిండుతుంది. అపార్టుమెంటు కట్టేటప్పుడు రెండు మూడేళ్లు మేస్త్రీలకు, రాళ్లు మోసేవాళ్లకు పని ఉంటుంది. ఆ తర్వాత వాచ్‌మన్, హౌస్‌కీపింగ్, స్విగ్గీ బండి. లేత్ మిషను మీద మైక్రాన్ల లెక్కన లోహాన్ని కోయడం తెలిసిన యాభై ఏళ్ల టర్నరుకు ఇందులో ఏ పని దొరుకుతుంది? తయారీరంగం వాటాను 2022కల్లా స్థూల ఉత్పత్తిలో 25 శాతానికి తీసుకుపోతామని 2011 జాతీయ తయారీ విధానం చెప్పుకుంది. ఆ వాటా ఇప్పటికీ 16, 17 శాతం దగ్గరే కొట్టుమిట్టాడుతోంది. దేశంలో పనిచేసేవాళ్లలో 46 శాతం మంది ఇంకా సేద్యం మీదే ఉన్నారు. పొలం నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి ఆఫీసుకు అన్న మెట్ల వరసను కొరియా, తైవాన్ ఒక్కొక్కటిగా ఎక్కాయి. బడి ముందు, ఫ్యాక్టరీ తర్వాత అన్న క్రమం వాళ్లు తప్పలేదు. మనం నడిమి మెట్టును పీకి, దాని మీద ఫ్లాట్లు కట్టి, పైమెట్టుకు దూకమంటున్నాం.

ఫ్యాక్టరీలన్నీ ఎక్కడివక్కడే ఉండిపోవాలని దీని అర్థం కాదు. పాత షెడ్లలో చాలా తాళాలు వేసి ఉన్నవే. కొన్నింటిలో యంత్రాలు ఎప్పుడో అమ్ముడుపోయి గోదాములు నడుస్తున్నాయి. మారాల్సింది మారుతుంది. మారేటప్పుడు 1967 నాటి మూటలోంచి ఏవి తీసి పక్కన పెట్టుకోవాలన్నదే ప్రభుత్వం తేల్చుకోవాల్సిన విషయం. హిల్ట్ రుసుము వేల కోట్లలో వస్తుందని అధికారులే అంటున్నారు. అందులో స్థిరమైన ఒక వాటాను చట్టంలోనే రాసి పని పోయేవాళ్ల కోసం కట్టిపెట్టడానికి అడ్డేముంది? ప్లాటు మార్పిడికి దరఖాస్తు పెట్టిన యజమాని గడిచిన మూడేళ్ల పీఎఫ్, ఈఎస్ఐ జాబితాలు జతచెయ్యాలని అడగవచ్చు. కాంట్రాక్టరు మనుషులతో సహా. బకాయి తేలేదాకా అనుమతి ఆపవచ్చు. కొత్తగా కట్టే అంతస్తుల్లో కొన్నింటిని ఆ వాడ కార్మికులకు అద్దె ఇళ్లుగా ఉంచమనవచ్చు.

పని నేర్పే చోట్లు ప్రభుత్వం దగ్గర లేవా అంటే ఉన్నాయి. 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ₹2,324 కోట్లతో అధునాతన కేంద్రాలుగా మార్చే పథకానికి 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు అక్కడికి వస్తున్నాయి. మంచిదే. ఆ తరగతుల్లో సీట్లు ఎక్కువగా బడి ముగించిన కుర్రవాళ్ల కోసం. నాచారంలో పదిహేనేళ్లుగా పాత యంత్రం తిప్పుతున్న మనిషికి సాయంత్రం షిఫ్టు తర్వాత ఆరు నెలల కోర్సు, ఆ ఆరు నెలలకు కాస్త భృతి ఉంటే అతను కొత్త యంత్రం ముందు నిలబడగలడు. ఏఎస్ రావు పద్ధతి అదే కదా: చేస్తూ నేర్చుకోవడం.

పన్నుల దగ్గర కూడా ఒక మెలిక ఉంది. పారిశ్రామికవాడల్లో ఆస్తిపన్ను వసూలు చేసేది ఐలా అనే స్థానిక ప్రాధికార సంస్థ. అందులోంచి కొంత వాటా మాత్రమే నగరపాలక సంస్థకు వెళ్తుంది. రోడ్లు, దీపాలు వాడ లోపల వెలుగుతాయి. వాడలో పనిచేసేవాళ్లు కాపురముండే బస్తీలో నల్లా, బడి, అంగన్‌వాడీ మరో ఖాతాలో ఉంటాయి. ఎకరాలు నివాస ప్రాంతాలుగా మారితే ఈ గోడ కూలుతుంది. అప్పుడు వచ్చే పన్ను కొత్త గేటెడ్ కాలనీ ముందు రోడ్డుకు పోతుందా, పక్క బస్తీ అంగన్‌వాడీలో గుడ్డుకు పోతుందా అన్నది వార్డు స్థాయిలో తేలే రాజకీయం. 33.1 శాతం అన్న అంకె కిందికి దిగేదీ, అక్కడే ఉండిపోయేదీ ఆ గుడ్డు దగ్గరే.

ఇక ఈఎస్ఐ నిబంధన ఒకటి మిగిలింది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమ అయి ఉంటేనే జబ్బుపడ్డ కార్మికుడికి జీతంలో 70 శాతం నగదుగా అందుతుంది. మల్లాపూర్ షెడ్డు ఖాళీ చేసి ఔటర్ అవతల యంత్రాలు మళ్లీ బిగించడానికి ఎన్ని నెలలు పడుతుందో యజమాని లెక్క వేసుకుంటాడు. పునాది ఎప్పుడు తవ్వాలో బిల్డరు లెక్క వేసుకుంటాడు. ఆ మధ్యకాలంలో కామెర్లు వచ్చి నాచారం ఆస్పత్రి కిటికీ ముందు నిలబడ్డ మనిషికి రోజులు 60 దగ్గరే ఆగిపోతే, ఆ తక్కువపడిన 18 రోజులను ఎవరి ఖాతాలో రాయాలో హిల్ట్ రుసుముల పట్టిక పక్కనే ఒక వరసలో చేర్చవచ్చు.